పిలుపుకి అన్నయ్య

కట్టిందర్రా, పైడితల్లి సుంకం పూర్తిగా కట్టింది. మీ తాత ఈ కథ చెప్పినప్పుడల్లా నేనూ మీలాగే కట్టిందా అని మధ్యలో అడిగేదాన్ని. ఇప్పుడు ఆయన లేడు గదా, ఫోన్లో నేనే చెప్తన్నాను. మొదట్నించీ వినండి.

ఏ రాజు కాలమో గానీ, ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊరి సత్రంలో గవరయ్య అని ఒక ముసలి వర్తకుడు జ్వరంతో వచ్చి పడ్డాడు. నా అన్నవాళ్ళు లేరు. సత్రంలో వండే పైడితల్లి గంజి కాచి పోసింది. బండి తోలే సన్యాసి వైద్యుణ్ణి తెచ్చాడు. పడవ నడిపే అప్పలస్వామి ఏటవతల నించి మందు తెచ్చాడు. గవరయ్య ఒకర్ని చెల్లెమ్మా అని, ఒకర్ని బావా అని, ఒకర్ని కొడకా అని పిలిచేవాడు. మనం వరసలు కలుపుకోమా, అలాగ.

ఓ రోజు ముగ్గురికీ తలో సంచీ వరహాలు ఇచ్చేశాడు.

ఆ ఊరి కట్టుబాటేటంటే, సొంతవాళ్ళిస్తే సుంకం లేదు. పైవాళ్ళు పెద్ద సొమ్మిస్తే, పుచ్చుకున్నవాళ్ళే మూడోవంతు ఖజానాకి కట్టాలి.

సుంకం అధికారి ముగ్గుర్నీ అడిగాడు. సన్యాసి, మా బావేనన్నాడు. అప్పలస్వామి, మా నాన్నేనని కళ్ళు కూడా తుడుచుకున్నాడు. పైడితల్లికి సంచీ మొత్తం ఉంటేనే తాకట్టులో ఉన్న ఇల్లు చేతికొస్తది. అన్న అని చెప్పవే అని సన్యాసి మోచేత్తో పొడుస్తానే ఉన్నాడు.

"ఆయన నీకేటవుతాడమ్మా?"

"పిలుపుకి అన్నయ్యండి. పుట్టుకకి ఏమీ కాడు. సుంకం ఎంతో చెప్పండి."

దారంతా ఇద్దరూ ఆమెని ఆడిపోసుకున్నారు, ఇల్లు తీసుకెళ్ళి ఊరికిచ్చేశావు గదే అని.

ఆ సాయంత్రమే గవరయ్య పోయాడు. అధికారి వచ్చి, కొడుకున్నాడుగా, పొద్దున్నే తలకొరివి పెట్టాలన్నాడు. బావ ఉన్నాడుగా, దినాలు జరిపించి ఊరికి భోజనాలు పెట్టాలన్నాడు. అప్పలస్వామి సొంత నాన్న ఇంట్లో చుట్ట కాల్చుకుంటా ఉన్నాడు మరి. కన్నతండ్రి బతికుండగా ఇంకొకళ్ళకి తలకొరివా?

పైడితల్లి గవరయ్య కాళ్ళ దగ్గరే కూచుంది. అలా కూచోడం ఏటో నాకిప్పుడు తెలుసు. ఎవరూ లేనివాళ్ళ దహనం ఆ ఊళ్ళో ఖజానా ఖర్చు. ఆయన చితికి కట్టెలు ఆమె కట్టిన సుంకంతోనే వచ్చాయి. ఇల్లు మాత్రం మరి రెండేళ్ళకి గానీ విడిపించుకోలేదు, మహాతల్లి.

అందుకే ఎవరైనా పెద్ద సొమ్ము చేతిలో పెడితే, వాళ్ళు మనకేటవుతారో ఉన్నదున్నట్టు చెప్పి, ఊరి వాటా ఊరికి కట్టెయ్యాలి. నిజం చెప్పినవాళ్ళకి పారిపోయే పనుండదు. ఆ బావా, ఆ కొడుకూ తెల్లారేసరికి ఊళ్ళో లేరు.