పదమూడో పీట

అనగనగా ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి మీద ఒక వేసవిలో గత్తర వచ్చి పడింది. చుట్టం వస్తే ముందు కబురుంటుంది గానీ, రోగానికి కబురెక్కడిది?

పొద్దున పొలానికి పోయిన మనిషి పొద్దు గూకే వేళకు వాంతులూ విరేచనాలతో కళ్లు లోతుకు పోయి పడి ఉండేవాడు. నోరెండి నీళ్లు, నీళ్లు అనేవాడు. వేపమండ కట్టని గుమ్మం లేదు, గడియ పెట్టని తలుపు లేదు. అన్న గడప తమ్ముడు తొక్కలేదు. మేనకోడలి మంచం దగ్గరకు మేనమామ రాలేదు. వాళ్లను తిట్టకండి పిల్లలూ. ప్రాణం ఎవరికైనా తీపే.

ఆ ఊళ్లో తెరిచి ఉన్న తలుపు ఒక్కటే, ఏటి గట్టు మీది మరియమాత గుడిది. ఆ గుడి గురువు పేరు రాయప్ప స్వామి. మనిషి పొడగరి, మాట కరుకు, మనసు వెన్న. గుడిలో చాపలు పరిచి రోగులను పడుకోబెట్టాడు. నీది ఏ కులం, నువ్వు ఏ దేవుడికి మొక్కుతావు అని ఒక్కరినీ అడగలేదు. ఏటి నీళ్లు కావడితో మోసుకొచ్చి కాచేవాడు. ఉప్పు వేసిన గంజి దొప్పతో పట్టేవాడు. మైల గుడ్డలు ఉడకబెట్టి ఉతికేవాడు. పోయినవాళ్లకు గొయ్యి తవ్వి, ప్రార్థన చెప్పి, మళ్లీ కావడి భుజానికెత్తుకునేవాడు.

ఆ గుడిలో ఒక ఆచారం ఉంది. క్రీస్తు చావు నుంచి లేచిన పాస్కా పండుగకు ముందు వచ్చే గురువారం నాడు గురువు నడుముకు తువ్వాలు చుట్టుకుని, ఇత్తడి పళ్లెం ముందు పెట్టుకుని, ఊళ్లోని పన్నెండు మంది కాళ్లు కడగాలి. ఒకప్పుడు క్రీస్తు ప్రభువు తన పన్నెండు మంది శిష్యుల కాళ్లు కడిగాడు, దాని గుర్తుగా. పన్నెండు పీటలు వేస్తారు, పన్నెండు మంది కూర్చుంటారు. ఏటా ఎవరో ఒకరు సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కునేవారు. "వద్దు స్వామీ, నా కాళ్లు మట్టికొట్టుకుపోయి ఉన్నాయి" అనేవారు.

రాయప్ప స్వామి కసిరేవాడు. "మట్టి ఉంది కాబట్టే కడిగేది. ఇటివ్వు కాలు. ప్రేమగా వచ్చిన చేతిని తోసెయ్యడం వినయం కాదు, గర్వం."

మంచి మాట. కాకపోతే మంచి మాటలు చెప్పేవాడి చెవి, చెప్పే నోటికి కాస్త దూరంగా ఉంటుంది.

రోజులు గడిచాయి. గత్తర తగ్గలేదు, స్వామి తరిగిపోయాడు. కూర్చుంటే లేవలేడు, లేస్తే మళ్లీ కూర్చునే తీరిక లేదు. జపమాల పడితే రెండో పూసకే కన్ను మూతపడేది. అరికాళ్లు పగిలి నెత్తురు కారేది. దేవుడికి తన గోడు చెప్పుకునే ఓపిక కూడా లేక, "నీకు తెలుసుగా" అని ఊరుకునేవాడు.

అప్పుడు మొదట కుమ్మరి పోలయ్య వచ్చాడు. చావు అంచు దాకా పోయి, ఈ గుడిలోనే బతికి లేచిన మనిషి.

"ఆ కావడి నాకియ్యండి స్వామీ" అన్నాడు. "గట్టు ఎక్కేటప్పుడు నా గాడిద కూడా నడిమధ్యన ఆగి ఊపిరి తీసుకుంటది. మీరు దానికంటే మొండిగా ఉన్నారు."

"నువ్వు నిన్నగాక మొన్న లేచావు. పోయి గంజి తాగి పడుకో" అన్నాడు స్వామి. పోలయ్య పోయాడు.

తరువాత ఉప్పు వర్తకుడు వీరభద్రం వచ్చాడు. ఆయన కూతుర్ని స్వామి చావు నోట్లోంచి లాగాడు. "మా పెరట్లో గాడిపొయ్యి తవ్వించి, గుండిగలతో గంజి కాయిస్తాను స్వామీ. మోసుకొచ్చే మనుషులను కూడా నేనే చూస్తాను."

"పిల్ల ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది, దాని దగ్గర ఉండు. ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు స్వామి. వీరభద్రమూ పోయాడు.

మూడోసారి ముసలి ఇన్నాసమ్మ వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఈ గుడిలోనే, స్వామి చేతుల్లోనే పోయాడు. ఆనాటి నుంచి ఆమెకు దేనికీ భయం లేదు.

"రోగుల పక్కన నేను కూచుంటా. మీరొక కునుకు తీయండి" అంది.

"వద్దమ్మా. నీకు తగులుకుంటే పైనున్న నీ కొడుక్కి నేనేం జవాబు చెప్పను? ఇంటికి పో తల్లీ."

ఇన్నాసమ్మ గడప దాటబోతూ ఆయన కాళ్లకేసి చూసి, వెళ్లిపోయింది.

స్వామి వాళ్ల మేలు కోరే వద్దన్నాడు, అది నిజం. ఆ నిజం వెనకాల ఇంకో నిజం నక్కి ఉంది. నేను లేకపోతే వీళ్లకు దిక్కు లేదు అనుకుంటే, అంత అలసటలోనూ ఆయనకు కొంచెం తీపిగా ఉండేది. కావడి ఎత్తుకోవడమే గానీ దించడం రానివాళ్లు కొందరుంటారు. అలాంటివాళ్లలో మంచివాళ్లే ఎక్కువ, అదే బాధ.

మర్నాడు ఎండ మాడ్చేస్తున్న వేళ, కావడితో గట్టెక్కుతుండగా ఆయనకు లోకం గిర్రున తిరిగింది. కుండలు పగిలాయి. నీళ్లు ఇసుకలో ఇంకిపోయాయి. స్వామి ఆ ఇసుకలోనే పడిపోయాడు. గుడిలోంచి నీళ్లు, నీళ్లు అన్న గొంతులు వినపడుతున్నాయి. లేవాలనుకున్నాడు. వేలు కూడా కదలలేదు. గొంతులు దూరమై, ఇంకా దూరమై, ఆగిపోయాయి.

కళ్లు తెరిచేసరికి గుడి వసారాలో నీడన ఉన్నాడు. లోపల చప్పుడు లేదు. మూలుగు లేదు. నీళ్లడిగే గొంతు ఒక్కటీ లేదు.  నేను పడుకున్నాను, వాళ్లందరూ పోయారు అనుకున్నాడు. లేవబోతే కాళ్లు నిలవలేదు. చేతుల మీద పాకుతూ గడప దాకా పోయాడు.

లోపల పోలయ్య కొత్త కుండలోంచి కాచిన నీళ్లు ముంచుతున్నాడు. వీరభద్రం పంచె ఎగగట్టి, ఎవరో ముసలాయన తలను ఒళ్లో పెట్టుకుని గంజి పడుతున్నాడు. మిగిలినవాళ్లు దాహం తీరి నిద్రపోతున్నారు. నిశ్శబ్దం చావుది కాదు, నిద్రది. ఇన్నాళ్లకు ఆ గుడిలో నోరు తెరిచి అడగాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

ఒక్క చాప మాత్రం చుట్టి గోడకు ఆనించి ఉంది.

"ఎవరు?" అన్నాడు స్వామి.

"గొర్రెలు కాసే మల్లన్న" అంది వెనక నుంచి ఇన్నాసమ్మ. "మీరు పడిపోయిన సంగతి తెలిసి మేము ఉరికొచ్చే లోపల పోయాడు. నీళ్లు అడుగుతానే పోయాడంట, పక్క చాపాయన చెప్పాడు." ఆమె దాచలేదు, తగ్గించీ చెప్పలేదు.

రాయప్ప స్వామి గోడకు చేరగిలబడి ఏడ్చాడు. ముగ్గురు వచ్చారు, ముగ్గురినీ పంపేశాను అనుకున్నాడు. ఒక్క దొప్పెడు నీళ్లకు మనిషి పోయాడు.

ఇన్నాసమ్మ ఇత్తడి పళ్లెం తోమి తెచ్చింది. గోరువెచ్చని నీళ్లు పోసింది. కొంగు నడుముకు దోపుకుని ఆయన ముందు చతికిలబడింది. స్వామి చటుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దమ్మా, పుండ్లు పడి ఉన్నాయి."

"పుండ్లున్నాయి కాబట్టే కడిగేది" అంది ఇన్నాసమ్మ. "మేం కాళ్లు లాక్కుంటే మీరేమని కసిరేవారు స్వామీ? మాకొక నీతి, మీకొక నీతా? నా కొడుకు కాళ్లు ఆఖరుసారి మీరే కడిగారు. నన్ను మీ కాళ్లయినా కడగనీయండి. చేసే పని ఏదీ లేక ఇంట్లో చచ్చిపోతున్నా."

 స్వామి మెల్లగా ఒక కాలు చాపాడు. తరువాత రెండోది. నీళ్లు తగిలి భగ్గున మండింది, ఆ తరువాత హాయిగా ఉంది. ఆమె కొంగుతో తుడవడం పూర్తి కాకముందే స్వామి కూర్చున్నచోటే నిద్రపోయాడు. ఈసారి ఎవరూ పోలేదు.

గత్తర ఇంకొన్నాళ్లుండి, ఏటికి కొత్త నీళ్లు వచ్చే వేళకు వెళ్లిపోయింది. అప్పటిదాకా ఆ కావడి భుజాలు మారుతూనే ఉంది. పోలయ్య మోశాడు, వీరభద్రం మోశాడు, స్వామి కబురు పెడితే గడియ పెట్టుకుని కూర్చున్నవాళ్లూ ఒక్కొక్కరే వచ్చి మోశారు. పిలిచేవాడు ఒకడుంటే భయానికీ సిగ్గేస్తుంది.

మరుసటి పాస్కా ముందు గురువారం నాడు గుడిలో పన్నెండు పీటలకు బదులు పదమూడు వేశారు. పన్నెండు మంది కాళ్లూ కడిగాక రాయప్ప స్వామి మల్లన్న పేరు తలుచుకుని, పళ్లెం ఇన్నాసమ్మ చేతికిచ్చి, పదమూడో పీట మీద తాను కూర్చున్నాడు. కాళ్లు ముందుకు చాపాడు.

ఒక్క భుజం మీదే ఉన్న కావడి ఏదో ఒకనాడు ఒలికి తీరుతుంది. పరుల బరువు మోయడం ఎంత ధర్మమో, మన బరువును పరులకు పట్టనివ్వడమూ అంతే ధర్మం.