తాలు కాయలు

మంగతాయారు సంతకం పెట్టనంది.

ఆ మాట విన్నాక రెబ్కా ల్యాబులో ఎవరి మొహమూ చూడలేదు. చేతి తొడుగులు విప్పి చెత్తబుట్టలోకి విసిరింది. ఒకటి పడింది, ఒకటి పడలేదు. పడనిదాన్ని ఎత్తనూ లేదు.

వాళ్ళక్కడ తయారుచేసేది మందే. కాకపోతే దాన్ని మోసుకెళ్ళేది వైరస్. పేరు వినగానే మూతికి గుడ్డ కట్టుకోనక్కర్లేదు. ఒంట్లోకి వచ్చి పోయినా మనిషికి తుమ్మైనా రాని సాధు రకం ఇది. దాని కడుపులోని సొంత సరుకంతా తీసేసి, రోగి ఒంట్లో చెడిపోయిన జన్యువుకు బదులు మంచిదాన్ని పెట్టి పంపిస్తారు. అది కండలోకి దూరి, తెచ్చింది అప్పజెప్పి, తన దారిన తాను కరిగిపోతుంది.

ల్యాబు పెద్ద మంగతాయారు సంతకం పడితేగానీ అది బయటికి వెళ్ళదు. ఈసారి ఆ మందు ఎక్కించాల్సినవాళ్ళలో రెబ్కా చెల్లెలు ఎస్తేరు ఉంది.

ఎస్తేరుకి పంతొమ్మిదేళ్ళు. కండలు ఎండిపోయే జబ్బు. కాళ్ళు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు చేతుల వంతు. అయినా అక్కకి జడ వేసే పని మాత్రం ఇంకెవరికీ ఇవ్వదు. మొదట్లో రెబ్కా స్టూలు మీద కూర్చునేది. చెల్లెలి చేతులు అంత ఎత్తుకి లేవడం మానేశాక పీట మీద కూర్చుంది. ఇప్పుడు నేల మీద. నేల కన్నా కిందికి కూర్చోడానికి చోటెక్కడుంది?

మధ్యాహ్నం మేడంని వెతుక్కుంటూ వెనక మెట్ల దగ్గరికి వెళ్ళింది రెబ్కా.

మంగతాయారు రోజూ అక్కడే ఒక్కతే కూర్చుని తింటుంది. ఒంటరిగా తినే ఆడదాన్ని పొగరుబోతు అనడం లోకానికి సులువు. ఆవిడనూ అన్నారు. నిజానికి ఆవిడకి తోడుంది. ప్రహరీ పక్కన నిద్రగన్నేరు చెట్టు మీంచి ముక్కు చివర విరిగిన కాకి ఒకటి దిగేది. అరచేతిలో వేరుశెనక్కాయలు పెట్టుకుని చాస్తే చేతిమీదికే వచ్చి తీసుకునేది. ఆ నమ్మకం కుదరడానికి ఒక వానాకాలమూ ఒక చలికాలమూ పట్టాయి. మంగతాయారు నవ్వు చూడాలనుకున్నవాళ్ళు ఆ వేళకే రావాలి.

"అనుమతులిచ్చే కమిటీ వాళ్ళే ఒప్పుకున్నారు. మధ్యలో మీ అడ్డేంటి మేడం?" అంది రెబ్కా, నిలబడే.

"ఖాళీవి ఎన్ని?"

"తెలిసే అడుగుతున్నారు."

"నీ నోటితో చెప్పు."

"సగానికి పైనే."

అదీ గొడవ. వైరస్‌లని పెంచినప్పుడు కొన్నిటికి పైపెంకు తయారవుతుంది, లోపల జన్యువు మాత్రం చేరదు. అచ్చం తాలు కాయల్లాగే. ఈసారి అవి మరీ ఎక్కువ వచ్చాయి.

"వాటిని ఏరి పారేసి, చాలనిదానికి మళ్ళీ పెంచి, పరీక్షలన్నీ చేసేసరికి ఏడాది పడుతుంది. మా ఎస్తేరు చేతులు ఏడాది ఆగవు. మిగతావి నిండువే కదా మేడం? అసలు లేనిదానికన్నా కొంతైనా నయం కాదా? చాలకపోతే వచ్చే ఏడు మంచిది మళ్ళీ ఎక్కిద్దాం."

మళ్ళీ ఎక్కించడం కుదరదని రెబ్కాకి తెలియక కాదు. ఒళ్ళు ఒకసారి చూసిన పెంకుని మరిచిపోదు. ఖాళీదా నిండుదా అని విచారించదు. రెండోసారి కనబడిందంటే గుమ్మంలోనే చంపేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది రెబ్కానే. పాఠం చెప్పేటప్పుడు ఎదురుగా ఎస్తేరు ఉండదు, అంతే.

"మీకు చెల్లెళ్ళు లేరు మేడం. మీకేం తెలుస్తుంది," అంది చివరికి.

మంగతాయారు పెరుగన్నం డబ్బా మూత పెట్టింది. పొట్లంలోంచి కాయలు తీసి ఒక్కొక్కటీ సన్నగా చీల్చింది. పప్పులు రెబ్కా దోసిట్లో పోసి, పెంకులు మళ్ళీ అతుక్కునేలా నొక్కింది. వాటిలో రెండు మూడు నిండు కాయలు కలిపింది. చెయ్యి చాచింది.

కాకి దిగింది. అలవాటు కొద్దీ చేతిమీదికి వచ్చి ఒకటి పొడిచింది. ఖాళీ. ఇంకొకటి పొడిచింది. అదీ ఖాళీయే. మరొకటి నోట కరుచుకుని, నొక్కి చూసి, వదిలేసింది. నిండు కాయ దాకా అది రానేలేదు. మెడ వంచి మంగతాయారు మొహాన్ని ఒక కంటితో చూసింది, మెడ తిప్పి రెండో కంటితో చూసింది. చెట్టెక్కి కూర్చుని అరవడం మొదలుపెట్టింది. ఎక్కడెక్కడి కాకులో వచ్చి దానితో గొంతు కలిపాయి.

"అయ్యో, ఎందుకు మేడం ఆ పని?"

"రేపు రా."

మర్నాడు రెబ్కా వెళ్ళేసరికి ఆవిడ కాయల్ని చెవి దగ్గర ఆడించి ఆడించి ఏరుతోంది. గింజ కదిలినదాన్నే ఉంచుతోంది. ఏరినవి అరచేతిలో పోసుకుని చాచింది.

విరిగిన ముక్కు కాకి ప్రహరీ మీదే ఉంది. చూసింది. రాలేదు. దిగబోయిన ఇంకో కాకిని కూడా అరిచి తరిమేసింది.

"ఇవాళ అన్నీ నిండువే కదా!" అంది రెబ్కా, ఉండబట్టలేక.

"ఆ మాట దానికి చెప్పు."

రెబ్కా ప్రహరీ వైపు ఒక అడుగు వేసింది. కాకి ఇంకాస్త ఎడంగా జరిగింది.

మంగతాయారు చెయ్యి దించలేదు. భోజనాల వేళ అయిపోయింది, లోపల గంట కొట్టారు, ఎండ మెట్ల మీదికి వచ్చింది. ఆవిడ చెయ్యి అలాగే చాచి, ప్రహరీ వైపే చూస్తూ కూర్చుంది.

రెబ్కా లోపలికి నడిచింది. నిన్నటి తొడుగు ఇంకా చెత్తబుట్ట పక్కనే పడి ఉంది. వంగి, ఎత్తి, బుట్టలో వేసింది. కొత్తవి తొడుక్కుని ఫ్రీజర్లోంచి సీసాలన్నీ బయటికి తీసింది. ఖాళీవాటిని ఏరడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఇంట్లో ఎస్తేరు కుర్చీలో కూర్చుని అక్క జుట్టు పాయలు తీస్తోంది.

"మందెప్పుడక్కా?"

"ఇంకా టైం పడుద్దే."

"ఈలోపు నా చేతులు పోతే?"

రెబ్కా జారిన పాయని చెల్లెలి వేళ్ళకి అందించింది.

"గుండు చేయించుకో. నాకూ పని తప్పుద్ది," అంది ఎస్తేరు.

ఇద్దరూ నవ్వారు. ముందు ఆగింది ఎస్తేరు నవ్వే. వేళ్ళు రెండు అల్లికలు వేసి ఆగాయి. ఊపిరి తీసుకుంది. మళ్ళీ అందుకోబోయింది. అందలేదు.

"ఇంకొంచెం కిందికక్కా."

నేల మీదే కూర్చున్న రెబ్కా తల వంచింది. ఇంకా వంచింది.