గడీ ముందు చెప్పులు

గంపలల్లే ఎల్లవ్వ ఇల్లు అమ్మకానికి పెట్టి నెలలు గడిచాయి. మొగుడు దూరాన కోట కట్టే పనిలో ఉన్నాడు. ఇల్లు అమ్ముడుపోతేనే ఆమె పిల్లలతో అక్కడికి చేరేది. చిన్నది అప్పుడే తండ్రి ముఖం మరిచిపోయింది.

ఇల్లు మంచిదే. కానీ ఆ ఇంటికి వెళ్ళాలంటే దొరగారి గడీ ముందునుంచే దారి. ఆ దారిన ఎవరు నడిచినా చెప్పులు చేతపట్టుకుని, గొడుగు ముడిచి, తల వంచుకుని పోవాలని దొర కట్టడి చేశాడు. రోజూ ఆ అవమానం మనకెందుకని కొనేవాళ్ళు వీధి మొదట్లోనే వెనక్కి తిరిగేవాళ్ళు.

ఒకనాడు అరుగు మీద కూర్చున్న దొర ఆమెను చూసి నవ్వాడు.

"ఏమే ఎల్లీ, నీ ఇల్లు చూడ్డానికి కాకి కూడా రావడం లేదటగా?"

"వస్తున్నారు దొరా. గడీ ముందు జనాన్ని చూసి ఆగిపోతున్నారు. కాళ్ళకు చెప్పుల్లేవు, వంచిన తల ఎత్తరు, ఎవరి నోటా మాట లేదు. 'అయ్యో, ఈ గడీలో పెద్దాయన పోయినట్టున్నాడు, శవం లేవకముందు ఇల్లు చూడ్డం మంచిది కాదు' అని వెళ్ళిపోతున్నారు."

దొర చెయ్యి గుండె మీదికి పోయింది. "నేను బతికే ఉన్నానని చెప్పలేదా?"

"చెప్పాను దొరా. బతికున్న మనిషి ఇంటి ముందు ఇలా ఎవరు నడుస్తారని నన్నే కసిరారు."

ఆ సాయంత్రమే దండోరా వేశారు. ఇకమీదట గడీ ముందు అందరూ చెప్పులతోనే నడవాలి, నవ్వుతూ కబుర్లాడుకుంటూ పోవాలి. దొరకు అదీ చాలలేదు. కొత్తముఖం కనబడితే చాలు, తనే అరుగు దిగి ఎదురెళ్ళేవాడు.

"ఇల్లు చూడ్డానికేనా? రండి, రండి, నేనే చూపిస్తాను!"

ఎల్లవ్వ మూటలు కట్టుకోవడం మొదలుపెట్టింది.