పొగ రాని ఇళ్లు

కరువు ఏడాది, ధాన్యం పంచడానికి పట్టణంలో జనాన్ని లెక్కపెట్టమని రాజు ఆజ్ఞాపించాడు. మంత్రి శరభయ్య బురుజెక్కి, పొగ లేచే పొయ్యికి ఒక ఇల్లని రాసుకున్నాడు. చాపలల్లే నూకాలు వాడలో వండడానికి గింజ లేదు, పొగా లేదు. "అక్కడెవరూ లేరు ప్రభూ" అన్నాడు. ఆ వాడకు ధాన్యం అందలేదు.

నెలకే కోటగోడ కూలింది. ఇంటికొకరు వెట్టికి రావాలన్నారు. రాజు చూస్తుండగానే శరభయ్య, ఆకలితో లేవలేని నూకాలు కొడుకు చెయ్యి పట్టి లాగాడు.

నూకాలు అడ్డం నిలబడింది. "ఇక్కడ మనుషుల్లేరని రాశారు గదా దొరా, లేనివాణ్ణి ఎట్టా లాక్కుపోతారు? మీ ఇంట్లో అయిదు పొయ్యిలు పొగ కక్కుతున్నాయి. మీ లెక్కన అవి అయిదిళ్లు. ముందు ఇంటికొకరు చొప్పున అయిదుగుర్ని పంపండి!"

రాజు లెక్క చూసి, శరభయ్య కొడుకులు అయిదుగురి చేతా రాళ్లు మోయించాడు. మూడోరోజుకు వాళ్ల భుజాలు కమిలేసరికి, వాడలో పొగ లేస్తే తన కొడుకుల బదులు మనుషులొస్తారని శరభయ్యే వాడకు ధాన్యం బండ్లు తోలుకొచ్చాడు.

నూకాలు పొయ్యి వెలిగించింది. అప్పటికి వాడలో సగం ఇళ్లలో మనుషులు నిజంగానే లేరు.