కలిసిపోయిన మాటలు

విజయనగరం నుంచి వచ్చి హైదరాబాదులో డిగ్రీ చదువుతున్న పైడితల్లికి అరబిక్, ఫ్రెంచ్ రెండూ పాఠ్యభాషలే. రాతలో క్లాసుకే ఫస్టు. నోరు విప్పితే మాత్రం ఒకదాంట్లోకి ఇంకోటి దూరిపోయేది. ఆ రోజు మౌఖిక పరీక్షలో అరబిక్‌లో మొదలుపెట్టిన వాక్యం ఫ్రెంచ్‌లో తేలింది. వెనకాల వాళ్లు కిసుక్కున నవ్వారు. ఆమె పరీక్ష మధ్యలోనే లేచి బయటికి వచ్చేసింది.

మధ్యాహ్నం అరబిక్ ఆచార్యుడు ఖలీలుద్దీన్ గదికి వెళ్లి నిలబడింది.

"ఫ్రెంచ్ మానేస్తాను సార్. రెండు భాషలు నా నోట్లో పట్టవు."

ఆస్పత్రి వాళ్లకి అరబిక్ అవసరమైతే ఖలీలుద్దీన్‌నే పిలుస్తుంటారు. ఇందాకే ఫోనొచ్చింది.

"నాతో రా బేటీ" అని లేచాడు.

ఆస్పత్రి గదిలో హలీమా అనే ఆవిడ ఉంది. ఆఫ్రికాలోని చాద్ దేశం ఆమెది. పక్కన మంచం మీద కూతురు. ఆ పిల్ల గుండెకి ఆపరేషన్ చేయాలి. తల్లి మాత్రం సంతకం పెట్టనంటోంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టడం లేదు.

గురువు పలకరించగానే ఆమె గబగబా ఏదో చెప్పింది. ఆయన శిష్యురాలి వైపు తిరిగాడు.

"వాళ్ల దగ్గర అరబిక్, ఫ్రెంచ్ కలిపి మాట్లాడతారు. నాకు సగమే అందుతోంది."

కుర్చీ ఒకటి లాగి హలీమాకి ఎదురుగా వేసి, తను వరండాలోకి వెళ్లిపోయాడు.

పైడితల్లి కూర్చుంది. మొదటి మాటే తప్పొచ్చింది. హలీమా నవ్వలేదు. ముందుకు వంగి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా అక్క మత్తిచ్చాక మళ్లీ కళ్లు తెరవలేదు. నా బిడ్డ కూడా తెరవకపోతే?"

పైడితల్లి డాక్టరుని పిలిపించింది. ఆయన చెప్పింది హలీమాకి, హలీమా అడిగింది ఆయనకి చెప్పింది. మాట దొరక్కపోతే రెండో భాషలోంచి తెచ్చుకుంది. అక్కడా దొరక్కపోతే చేతులు తిప్పి చెప్పింది. గంట గడిచాక హలీమా సంతకం పెట్టింది. కూతుర్ని ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లారు.

పైడితల్లి వరండాలోకి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఏ మాట ఏ భాషలో అన్నానో నాకే తెలీదు సార్."

"ఏమన్నావో గుర్తుందా?"

"ఉంది. ఆపరేషన్ అయ్యేదాకా మీ పక్కనే ఉంటాను, భయపడకండి అన్నాను."

"మరి ఇక్కడేం చేస్తున్నావు బేటీ? లోపలికి వెళ్లు."