జానెడు అవతల

నిరంజనయ్యస్వామిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. మనసు నిలవడం లేదని మొరపెట్టుకున్నవాడికి ఆయన ఒలవమని బుట్టెడు శనక్కాయలు ఇచ్చాడు. దేవుడున్నాడా అని నిలదీసినవాడు మధ్యాహ్నం దాకా పశువుల కొట్టం కడిగాడు. అందుకే ఆ మఠంలో పాతకాపులు ప్రశ్నలు తక్కువ అడుగుతారు.

తిప్పేస్వామి మాత్రం అడిగాడు. మఠం వ్యవహారాలన్నీ చూసుకునే శిష్యుడతను. మంచివాడు, కష్టపడతాడు, తనకంటూ చిల్లిగవ్వ దాచుకోడు. ఉన్నది ఒకటే జబ్బు. ఎవరైనా తనను చూసి నవ్వితే, ఎందుకు నవ్వారా అని వాళ్లు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాడు. ఒక సాయంత్రం స్వామి అరుగు మీద కూర్చుని ఉండగా వచ్చి, "స్వామీ, పక్కవాణ్ణి ఎంతవరకు నమ్మొచ్చు?" అన్నాడు.

పక్కవాడంటే వేదాంతంలో వచ్చే పక్కవాడు కాదు. మఠం చేనుకు ఆనుకుని చేనున్న ఓబులేసు. ఆ ఏడు మఠం బోరు ఎండిపోయింది. శనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే వేళ. వారం లోపల ఒక తడి అందకపోతే చేను చేనంతా పశువుల మేతకు తప్ప పనికిరాదు. ఏడాది పొడవునా మఠానికి వచ్చిపోయేవాళ్లకు ముద్ద దొరికేది ఆ పంట మీదే. సంగతి తెలిసి ఓబులేసు తనంతట తనే వచ్చాడు. "నా బోర్లో నీళ్లుండాయి స్వామీ. పైపు ఏసి మీ చేనికి ఇడుస్తా" అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు, రెండు చేల నడుమ ఉన్న కంచె కూడా పీకేస్తానన్నాడు. అది వాళ్ల నాయన వేయించిన కంచె. మఠంలో ఇదివరకున్న స్వామితో ఏదో మాట పట్టింపు వచ్చి, ఆ కోపంలో గట్టు పొడవునా రాతి కూసాలు పాతించి వాటికి ముళ్లతీగ బిగించాడు. కోపగించుకున్న ఇద్దరూ కాలం చేశారు. కూసాలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. "ఇంకెందుకు స్వామీ ఇయ్యి? ట్రాక్టర్ తిప్పుకోనీకి అడ్డం. తీసేస్తే మీ చేను గూడా నేనే దున్నిపెడ్తా" అన్నాడు ఓబులేసు.

ఆ మాటతో తిప్పేస్వామికి అన్నం సహించలేదు. అడక్కుండా నీళ్లిచ్చేవాడు, అడక్కుండానే కంచె పీకేవాడు ఈ రోజుల్లో ఉంటాడా? గట్టు చెరిపేసి, ఏటా రెండు సాళ్లు లోపలికి దున్నుకుంటూ వస్తాడని తేల్చుకున్నాడు. అదే స్వామితో చెప్పాడు.

స్వామి అంతా విన్నాడు. "రేపు పొద్దున కూసాలు పీకుతారంట. పోయి చూసి రా" అన్నాడు. అతను వెళ్లబోతుంటే, "చూడటమే. ఇంకేమీ చేయొద్దు" అన్నాడు.

తెల్లారేసరికి తిప్పేస్వామి గట్టు మీద ఉన్నాడు. కూసాల మొదళ్లు అప్పటికే తడిసి ఉన్నాయి. మట్టి మెత్తబడాలని ఓబులేసు ముందు రోజే నీళ్లు పోసి పెట్టాడు. గట్టు ఆనవాలు కరిగిపోవాలని పోశాడనుకున్నాడు తిప్పేస్వామి. ట్రాక్టర్ మీద ఓబులేసు భార్య సుంకమ్మ కూర్చుని ఉంది. కూలిమనిషిని పెట్టుకోకపోవడం కూడా అతనికి నచ్చలేదు. సాక్షి లేకుండా చేసుకుంటున్నారు కాబోలు! అనుమానంలో ఉన్న సుఖమే అది, ఏది కనబడినా దానికి అక్కరకొస్తుంది.

తీగ ముందే విప్పేసి చుట్ట చుట్టి పెట్టారు. సుంకమ్మ ట్రాక్టర్ ముందున్న తొట్టిని కూసానికి మెల్లగా ఆనించి, అది కాస్త కదిలేదాకా నెట్టేది. తర్వాత బండి తిప్పుకుని వెనక్కి వచ్చి, కూసాన్ని దాదాపు తాకేంత దగ్గరగా ఆపేది. ఓబులేసు కూసం మొదలుకు గొలుసు చుట్టి, వెనక లిఫ్టు చేతులకు అడ్డంగా వేసిన ఇనుప కడ్డీకి తగిలించేవాడు. ఆమె లిఫ్టు లేపితే, చెయ్యి అందుకుని లేచే ముసలివాడిలా కూసం నిదానంగా పైకి వచ్చేది.

చక్రాలు గట్టును తొక్కడం చూసి తిప్పేస్వామి ఉండబట్టలేకపోయాడు. "అంత దగ్గరికి రావడమెందుకప్పా? దూరం నుంచి గొలుసేసి లాగితే రాదా?"

"పక్కకు లాగితే నేల కాడికి పుటుక్కున ఇరుగుతాది స్వామీ" అన్నాడు ఓబులేసు. "మొండెం లోపల్నే ఉండిపోతాది. కనపడదు. ఎప్పుడో గొర్రుకు తగులుకుంటాది. దీన్ని నిలువునా ఎత్తాల."

కూసం బయటికి రాగానే గుంతలోకి మట్టి తోసి, పైన చక్రం ఎక్కించి అణిచేవారు. పశువు కాలు పడితే విరుగుతుందని ఓబులేసు భయం. ఆనవాలు ఎక్కడ మిగులుతుందోనని వాడి భయం అనుకున్నాడు తిప్పేస్వామి. మధ్యాహ్నానికి కూసాలన్నీ ట్రాలీలోకి ఎక్కాయి. నల్ల పైపు చుట్టను గట్టు పక్కన దించి, అన్నం తిని వచ్చి పైపుకు కాలువ తీస్తామని చెప్పి మొగుడూ పెళ్లాం ఇంటికి వెళ్లారు.

తిప్పేస్వామి ఒక్కడే మిగిలాడు. గుంతలు పూడ్చిన చోట తడిమట్టి ఇంకా నల్లగా కనబడుతోంది. రేపటికి ఆరిపోతే ఇక హద్దెక్కడో చెప్పేవాడెవడు? గబగబా సర్కారు తుమ్మ కట్టెలు నరికి, చివరలు చెక్కి, రాయి పెట్టి కొట్టి దిగేశాడు. గుంత మీదే కొడదామని మొదటి కట్టె ఆనించాడు కూడా. అంతలో ఒక ఆలోచన వచ్చింది. ఓబులేసు ఎలాగూ వాటిని ఇటు జరుపుతాడు. జరిపినా మఠం నేల మఠానికి మిగలాలి కదా? అందుకని ప్రతి కట్టెనూ జానెడు అవతల, ఓబులేసు చేలో కొట్టాడు. అందులో తప్పున్నట్టు అతనికి తోచనే లేదు. జాగ్రత్త అనుకున్నాడు.

ఓబులేసు, సుంకమ్మ ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ వచ్చారు. కట్టెలు చూడగానే నవ్వు ఆగిపోయింది. సుంకమ్మ వంగి, తడిమట్టికీ కట్టెకూ మధ్య జాన పెట్టి చూసింది. ఇంకో కట్టె దగ్గరా చూసింది. ఆ పక్కదాని దగ్గరా చూసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ, "ఒకటి తప్పింటే చూపు తప్పిందనుకుందుము. అన్నీ మన తట్టే దిగిండాయి" అంది. అన్నది మొగుడితో, తిప్పేస్వామి వైపు చూడనైనా లేదు. ఓబులేసు ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోయాడు.

వాళ్లు అలా వెళ్లిపోవడం చూసి, దొంగ దొరికాడన్న సంతోషంతో తిప్పేస్వామి ఆ సాయంత్రం కట్టెల సంగతంతా స్వామికి పూస గుచ్చినట్టు చెప్పాడు. స్వామి లేచి వెళ్లి, వాలిపోతున్న చేను వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున ట్రాక్టర్ చప్పుడు వినబడితే తిప్పేస్వామి గట్టు దాకా వెళ్లి, పరుగున తిరిగి వచ్చాడు. "చూశారా స్వామీ! నేను చెప్పలేదా? కాలువ తీయలేదు, పైపు వేయలేదు. ట్రాక్టర్‌కు గుంతలు తీసే బరమా తగిలించుకుని కూసాలన్నీ మళ్లీ పాతేస్తున్నాడు. నీళ్లిస్తానన్నది ఉత్త మాట!"

"యాడ పాతుతున్నాడు?"

"గట్టు మీదే."

"నీ కట్టెల కాడనా?"

"కాదు స్వామీ. వాటిని పీకి మన తట్టు పెట్టేసినాడు. పాత గుంతల్లోనే పాతుతున్నాడు."

"ఏమన్నా ఇటు జరిపినాడా?"

"లేదు" అన్నాడు తిప్పేస్వామి. "వేలెడు కూడా..." ఆ మాట పూర్తి కాలేదు. తన నోటితో తనే చెప్పిన సాక్ష్యం తన చెవినే పడింది. గట్టు మీద ట్రాక్టర్ ఆగి, మళ్లీ కదిలిన చప్పుడు వినబడింది. ఇంకో కూసం నిలబడింది.

"పైపు చుట్ట తీసుకుపోయినాడా?" అని అడిగాడు స్వామి.

"ఇంకా అక్కడే ఉంది స్వామీ."

"పక్కవాణ్ణి ఎంతవరకు నమ్మొచ్చని నన్నడిగితివి గదా" అన్నాడు స్వామి. "ఈపొద్దు ఓబులేసు అదే అడుగుతాండాడు. కడపటి కూసం పాతకముందే పోయి జవాబు చెప్పి రా."