శుక్రవారం ఎగిరిపోయిన కొంగలు

ఆ చెయ్యి ఇలా నా మీద వెయ్యి. కాళ్ళు ఆడించకు. ఊ కొడతావా మరి? నువ్వు ఊ కొట్టకపోతే కథ దారి మధ్యలో ఆగిపోతుంది, ఆ తర్వాత నన్ననకు.

అనగనగా ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒక ముసలమ్మ. ఆ ఊరి పక్కనే తుంగలావ. ఆవంటే తెలుసుగా, ఏడాది పొడుగునా నీళ్ళుండే పెద్ద మడుగు. నీళ్ళలో తుంగ, గట్టు నిండా తుమ్మచెట్లు. ఏటా వానలు తగ్గాక ఎక్కడెక్కడి నుంచో కొంగలొచ్చి ఆ తుమ్మల మీద గూళ్ళు కట్టేవి. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకి రెక్కలొచ్చాక మామిడికాయల రోజుల్లో వెళ్ళిపోయేవి.

ఊళ్ళోవాళ్ళకి అవి ఒట్టి కొంగలు కావు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. బాలింతలు ఉలిక్కిపడతారని దీపావళికి టపాకాయ కూడా కాల్చేవారు కాదు. నవ్వకు, నిజంగానే.

గవరమ్మ అయితే ఇంకాస్త ముందుకెళ్ళేది. అవి వెళ్ళిపోయే రోజులొస్తే పసుపు కలిపిన బియ్యం కొంగున కట్టుకుని గట్టు మీదికి పోయేది. గుప్పెడు గుప్పెడుగా నీళ్ళలో వేసి, "ఎల్లి రండమ్మా, మళ్ళీ రండి" అని సాగనంపేది. ఒడి నింపకుండా, వెళ్ళి రమ్మని చెప్పకుండా పంపితే ఆడపిల్ల మళ్ళీ గడప తొక్కదని ఆవిడ నమ్మకం.

అలా ఉండగా ఒక ఏడు గవరమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. చక్రాల కుర్చీ వచ్చింది. అదృష్టం చూడు, ఆ ఏడే ఆవ చుట్టూ నున్నటి బాట వేశారు. ఎత్తు లేదు, పల్లం లేదు, మెట్టన్నదే లేదు. అలసిపోతే కూర్చోడానికి చెట్ల కింద బల్లలు. చంటిపిల్లాడి బండైనా, ముసలమ్మ కుర్చీ అయినా తోసుకుంటూ బయల్దేరితే ఆవంతా చుట్టి మొదలుపెట్టిన చోటికే వచ్చేయొచ్చు.

ఆ సులువే కొంప ముంచింది చిట్టీ. కష్టమైన పనికి ముహూర్తం పెట్టుకుంటాం. సులువైన పనిని రేపంటాం. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

గవరమ్మ మొదట కొడుకుని అడిగింది. వాడి పేరు సింహాచలం, బట్టలు కుట్టేవాడు. అప్పుడేమో పెళ్ళిళ్ళ రోజులు. మెషిను మీంచి తలెత్తకుండానే, "మనింటి ఎనకాలే కదే అమ్మా, ఆవెక్కడికి పోద్ది? రేపెల్దుం" అన్నాడు.

ఆ తర్వాత కోడల్ని అడిగింది. కోడలు ఈశ్వరమ్మ చెడ్డది కాదు, పాపం. కానీ ఆ రోజు ఆవకాయ పెడుతోంది. మోచేతుల దాకా కారం. "ఈ చేతుల్తో కుర్చీ ఎలగ పట్టుకోను అత్తా? రేపెల్దుం" అంది.

ఆ తర్వాత మనవరాలు బంగారి ఊరుకోలేదు. నీలాంటిదే, మంకుపట్టు పట్టింది. పొద్దున్నే నాయనమ్మకి తల దువ్వి, కొంగున బియ్యం కట్టి, అమ్మనీ నాన్ననీ లాక్కొచ్చింది. నలుగురూ బయల్దేరారు. కుర్చీ వీధి గుమ్మం కూడా దాటింది. అప్పుడు గవరమ్మకి గుర్తొచ్చింది.

"ఇయేల ఏ వారమే?"

"శుక్రవారం నాయనమ్మా."

"ఓలమ్మో, ఆపండి! ఆడపిల్లల్ని శుక్రవారం పంపుతారా ఎక్కడైనా? ఇంటి లచ్చిమి ఎల్లిపోద్ది. రేపెల్దుం."

చూశావా, మూడో రేపు ఆవిడదే.

ఆ సాయంత్రం గవరమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఆవ వైపు నుంచి రెక్కల చప్పుడు. చూస్తే కొంగలు, ఒక బారు వెనక ఇంకో బారు, ఇంటి కప్పు మీదుగా పోతున్నాయి. కొత్త పిల్లలు వెనకబడి వెనకబడి ఎగురుతున్నాయి. కొంగలకి వారమేంటి, వర్జ్యమేంటి?

బంగారి ఎగిరి గంతేసి, "చెప్పు నాయనమ్మా, చెప్పు!" అని అరిచింది. గవరమ్మ నోరు తెరిచింది. చెబితే శుక్రవారం పూట తన నోటితో పంపినట్టవుతుందని మళ్ళీ మూసేసింది. కొంగు ముడి పట్టుకుని అలా చూస్తూనే ఉండిపోయింది.

శనివారం అందరూ వెళ్ళారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే మరి. ఎంత హాయిగా సాగిందనుకున్నావు కుర్చీ! ఒక్క కుదుపు లేదు. చెట్ల మీద ఒట్టి గూళ్ళు, బాట మీద ఈకలు. బియ్యం వెయ్యమంటే గవరమ్మ వెయ్యలేదు. "ఒడి లేనప్పుడు ఒడిబియ్యమెవరికి?" అని ముడి విప్పకుండానే ఇంటికి తెచ్చి డబ్బాలో పోసింది.

ఆ తర్వాత రోజూ బంగారిని అదే అడిగేది. "చెప్పకుండా పంపీసినానే. మళ్ళీ వస్తాయంటావా?" వస్తాయని బంగారి ఎంత చెప్పినా నమ్మేది కాదు. అలా దిగులు పడుతూ పడుతూ శ్రావణంలో కన్నుమూసింది.

వానలు తగ్గాయి. ఒక పొద్దున బంగారి ఆవ వైపు చూస్తే తుమ్మలు తెల్లగా ఉన్నాయి. కొంగలు! ఎవరూ పిలవకుండానే, ఎవరూ చెప్పకపోయినా వచ్చేశాయి. సింహాచలం మెషిను ఆపేశాడు. ఈశ్వరమ్మ పొయ్యి ఆర్పేసింది. ముగ్గురూ ఆ బాటంతా నడిచారు. మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చాక సింహాచలం బల్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మామిడికాయల రోజులొచ్చాక బంగారి ఆ డబ్బా తెచ్చి, బియ్యం నీళ్ళలో వేసి, "ఎల్లి రండమ్మా, మళ్ళీ రండి" అంది. అని ఊరుకుందా? "మీరొస్తారని మా నాయనమ్మకి తెలీకుండా పోయింది" అని కూడా చెప్పింది.

ఏమిటే, ఊ కొట్టడం మానేశావు? ఏడుస్తున్నావా? పిచ్చితల్లీ. ఏంటీ, మనూరి ఆవకి కొంగలొచ్చాయా? తీసుకెళ్తాలే, రేపు... ఆగు, రేపనకూడదు. పొద్దున్న లేవగానే, పళ్ళు తోముకోగానే. శుక్రవారమైతే అవనీ.

కథ పోయె కంచికి,
కొంగ పోయె గూటికి,
కునుకు వచ్చె కంటికి,
మనం వచ్చాం ఇంటికి.